కాసులమ్మ రిటైర్మెంటు

కాసులమ్మ పొయ్యి మీంచి చారు గిన్నె దించుతుండగా కొట్టు ముందు నానాజీ బండి ఆగింది. ఆమె మాజీ మొగుడు త్రినాధరావు పనిచేసే ఫ్యాక్టరీలో, అదే బాయిలరు దగ్గర పని నానాజీది. మంచివాడే, కాకపోతే ఎవరు ఏ కబురు మోయమన్నా మోసేస్తాడు.

“వదినా, రేపు అన్న రిటైర్మెంటు...”

“వదిన వరస ఎనిమిదేళ్ళ కిందటే కోర్టులో తెంపేసేను. అక్క వరసలో అప్పా అను. ఏటి కబురు?”

నానాజీ తల గోక్కున్నాడు. విడాకుల నాడు లోక్ అదాలత్‌లో రాసుకున్న రాజీ కాగితంలో ఒక షరతు ఉంది. త్రినాధరావు రిటైరయ్యాక వచ్చే పీఎఫ్, గ్రాట్యుటీల్లో సగం కాసులమ్మది. అది నేరుగా ఆమె ఖాతాలో పడాలంటే త్రినాధరావు సంతకంతో ఆఫీసుకి ఒక లెటరు వెళ్ళాలి. లేదంటే ఆమె మళ్ళీ కోర్టు మెట్లెక్కాలి. లెటరు టైపు కొట్టించి ఇచ్చి మూడు నెలలైంది. ఇదిగో అదిగో అంటాడే గాని పెట్టడు. ఇటు చూస్తే గవరపాలెంలో ఆమె భోజనం కేరియర్లు కట్టే ఈ కొట్టు గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. సంతకమైన లెటరు నెలాఖరులోగా చూపిస్తే నీకే అమ్ముతాను, లేకపోతే ఖాళీ చెయ్యి అన్నాడు. నెలాఖరు రేపే.

“అన్న సంతకం పెట్టేత్తానంటన్నాడు. కాకపోతే రేపు సన్మానానికి నువ్వొచ్చి పక్కన కూకోవాలంట. గంట సేపే.”

ఆ ఫ్యాక్టరీలో ఎవరు రిటైరైనా ఆలుమగలిద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి దండలు వేస్తారు. శాలువా కప్పి, వ్యానులో ఇంటి దాకా దిగబెడతారు. ఒంటరిగా కూర్చున్నవాడు ఇంతవరకు లేడు. విడాకుల సంగతి త్రినాధరావు నానాజీకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, గడప దాటలేదు అని ఎనిమిదేళ్ళూ నెట్టుకొచ్చాడు.

కాసులమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మోకాళ్ళతోనే ఆమె రోజూ బెల్లం మార్కెట్‌కి నలభై కేరియర్లు మోస్తోంది.

“వత్తానని సెప్పు. లెటరు జేబులో పెట్టుకు రమ్మను,” అంది.

మర్నాడు ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, రాజీ కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. ఫ్యాక్టరీకి రాంబిల్లి వైపు పోయే ఈ దారి ఆమెకి కొత్త కాదు. కాపురం చేసిన ఇరవై రెండేళ్ళూ, పొద్దున్న షిఫ్టు పడినప్పుడల్లా చీకటితోనే లేచి వండి, అతన్ని లేపి పంపింది తనే. ఒకసారి తాగి పన్నెండు రోజులు డ్యూటీ ఎగ్గొడితే, చంకలో పిల్లతో గేటు దగ్గర నిలబడి, అప్పటి మేనేజరు కారుకి అడ్డంపడి ఆ ఉద్యోగం నిలబెట్టింది కూడా తనే. అందుకే విడాకులప్పుడు లాయరమ్మ భరణం కింద ఎంతో కొంత రాయిస్తానంటే ఒప్పుకోలేదు. భరణం వద్దు, నా వాటా అని రాయండి అంది. ఆ ఒక్క ముక్క కోసం రెండు వాయిదాలు తిరిగింది.

క్యాంటీన్ హాల్లో వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. పళ్ళెంలో రెండు బంతిపూల దండలున్నాయి. జుట్టుకి నల్లరంగు వేసుకుని, కొత్త బట్టల్లో త్రినాధరావు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. కాసులమ్మ వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

“శ్రీమతి త్రినాధరావు గారు వేదిక మీదకి రావాలి,” అన్నాడు మేనేజరు మైకులో. అతను కుర్రవాడు, ఈమధ్యే వచ్చాడు.

ఆమె పైకెక్కి త్రినాధరావు ముందు చెయ్యి చాపింది. “లెటరు.”

“ముందు కూకో కాసులూ. అయిపోయాక పెడతాను.”

అయిపోయాక. ఈ మాట నమ్మి ఆమె చాలాసార్లు మోసపోయింది. వెనక్కి తిరిగి మైకు దగ్గరికి నడిచింది.

“అందరికీ దండాలండి. నాను ఈయన భార్యని కాదు. ఎనిమిదేళ్ళ కిందటే ఇడాకులైపోయేయి. నాకు మోకాళ్ళ నొప్పులు కూడా లేవు.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు.

“ఈయన పనిమంతుడేనండి, అబద్దం సెప్పకూడదు. ఈయన సేతిలో బాయిలరు ఎన్నడూ పాడవలేదు. కానీ ఇరవై రెండేళ్ళు ఈ మనిసిని లేపి, కూడొండి, డ్యూటీకి తోలింది నాను. ఉజ్జోగం పోతంటే ఆ గేటు కాడ నిలబడింది నాను. వచ్చే డబ్బుల్లో సగం నాదని ఈయనే కోర్టులో ఒప్పుకున్నాడు. ఇదిగో కాగితం. దేబిరించడానికి రాలేదండి, నా వాటా అడగడానికి వచ్చేను. సాలువా ఈయనకి కప్పండి. సంతకం నాకు పెట్టించండి.”

హాలంతా త్రినాధరావు వైపే చూసింది. మేనేజరు రాజీ కాగితం అందుకుని నిదానంగా చదివాడు. జేబులోంచి పెన్ను తీసి త్రినాధరావు ముందు పెట్టాడు. త్రినాధరావు లెటరు బయటికి తీశాడు. ఆమె వైపు చూడకుండానే సంతకం పెట్టాడు. కాసులమ్మకి జాలేసింది. అయినా లెటరు అందుకుని, సంతకం సరిచూసుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది. ఇక ఆ గది తనది.

దిగబోతూ పళ్ళెం వైపు చూసి ఆగింది.

“ఆ రెండో దండ నాకే కదండీ తెచ్చేరు?”

మేనేజరు తికమకపడ్డాడు. “మీరు భార్య కాదన్నారు కదమ్మా?”

“భార్యగా కాదండి. ఎనిమిదేళ్ళ కిందట నాను కూడా రిటైరయ్యేను. సన్మానం మిగిలిపోయింది.”

తల వంచింది. మేనేజరు రెండు చేతులతో దండ వేశాడు. అప్పుడు కాసులమ్మ ఆ రెండో కుర్చీని రెండు మూరలు పక్కకి జరుపుకుని, దర్జాగా కూర్చుంది.