నాలుగో వార్డు నుంచి చూశారు

నాలుగో వార్డు నర్సు ఆ ఇంటికి పెద్దకోడలు. దేశంలో ఏ ఆసుపత్రికి వెళ్ళినా రోగి పాత వివరాలన్నీ కంప్యూటర్లో కనిపించే పద్ధతి వచ్చినప్పుడు, తక్కినవాళ్ళు విసుక్కున్నా ఆవిడ ఇష్టంగా నేర్చుకుని కొత్తవాళ్ళకు నేర్పింది. స్పృహ లేకుండా వచ్చిన ఒక పొరుగూరాయనకు ఏ ఇంజెక్షన్ పడదో తెర మీద చూసి, డాక్టరును ఆపింది కూడా. ఆయన ఎవరో, ఆయన జబ్బులేమిటో సహా ఆ కథ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

ఆ వేసవిలో అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిడను లేపడం, స్నానం చేయించడం పెద్దకోడలి మీదే పడ్డాయి. చిన్నకోడలు వంట చేసేది, బట్టలుతికేది, అత్తగారికి తినిపించేది. ఒక్కతే ఆవిడను పట్టుకుని లేపమంటే మాత్రం వెనక్కి తగ్గేది.

"నడుం నొప్పక్కా. నావల్ల కాదు."

"గ్యాసు బండ దొర్లించేటప్పుడు రాని నొప్పి అత్తయ్యను చూస్తేనే వస్తుందా?" అని ఒకరోజు పెద్దకోడలు అననే అంది. చిన్నకోడలు నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వు పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు వార్డులో తీరిక దొరగ్గానే తోడికోడలి పేరు కొట్టింది. ఎందుకు చూస్తున్నారని కంప్యూటరు అడిగితే 'చికిత్స కోసం' అని నొక్కింది. దొంగ నొప్పి బయటపెడదామనుకుంటే అక్కడ నడుం ఊసే లేదు. మూర్ఛ అని ఉంది. పెళ్ళికి ముందు నుంచీ మాత్రలు. కింద డాక్టరు హెచ్చరిక: ఎవరినీ ఒంటరిగా ఎత్తకూడదు, స్నానం చేయించకూడదు.

గబుక్కున మూసేసింది.

సాయంత్రం అత్తగారి దిండు పక్కన చిన్నకోడలి ఫోను మోగింది. "చేతులు తడిగా ఉన్నాయి, ఏమిటో చూడండత్తయ్యా!" అని వంటింట్లోంచి కేకేసింది చిన్నకోడలు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ పైకే చదివింది. "మీ ఆరోగ్య... వివరాలను... నాలుగో వార్డు నర్సు తెరిచి చూశారు." తలెత్తింది. "నాలుగో వార్డంటే నువ్వే కదే పెద్దదానా? దీనికేమైంది?"

చిన్నకోడలు తడి గిన్నెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇద్దరినీ చూసింది.

"నేనే చూడమన్నానత్తయ్యా, నడుం నొప్పికి మందేమైనా ఉందేమోనని."

పెద్దకోడలు ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళింది. "ఎందుకలా చెప్పావు?"

"మరేం చెప్పను? మీరెందుకు చూశారో చెబితే ఏం చూశారో కూడా చెప్పాలి కదా."

"తప్పయిపోయిందే."

"మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదక్కా. మీకు చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆసుపత్రికొచ్చిన వాళ్ళ సంగతులు మీరిక్కడ చెబుతుంటే విని, భయపడి ఆగిపోయాను."



మర్నాడు పెద్దకోడలు తనే వెళ్ళి పెద్ద నర్సుతో జరిగింది చెప్పింది. "నేర్పినదానివి నువ్వే కదమ్మా!" అని ఆవిడ ఇంకేమీ అనలేదు. తిడితే బాగుండుననిపించింది. కంప్యూటర్ ముట్టుకోవద్దని చెప్పి, కట్లు కట్టే గదికి మార్చారు. ఎందుకు మార్చారని తోటివాళ్ళు అడిగితే, చూడకూడనిది చూశానని చెప్పేది.

ఇప్పుడు అత్తగారిని ఇద్దరూ కలిసే లేపుతున్నారు. తల వైపు పెద్దకోడలు, కాళ్ళ వైపు చిన్నకోడలు. చిన్నకోడలు మునుపటిలాగే "అక్కా" అనే పిలుస్తుంది. అలా పిలిచినప్పుడల్లా పెద్దకోడలికి తలెత్తి ఆమె ముఖం చూడబుద్ధి కాదు.