తాగని నీళ్లు

అయ్యలారా, అమ్మలారా, ఒక్కటే ప్రశ్న అడుగుతాను, నిజం చెప్పండి. ఇంట్లో ఆడపిల్ల దూరం బయలుదేరినప్పుడు గడప దగ్గర మీరు చెప్పే ఆఖరి మాట ఏది? "జాగ్రత్త" కాదు. "ఫోన్ చెయ్యి" కూడా కాదు. ఎల్బీ నగర్ వెనక గల్లీలో కిరాయికుంటున్న ఈరమ్మ, కార్తీక మాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున తన కూతురితో ఏమందో మీరూ అదే అంటారు.

"నీళ్లు జర చూసి తాగు బిడ్డా."

తాగమని కాదు, తాగొద్దని దానర్థం. సౌజన్యకు విడమరిచి చెప్పనక్కర్లేదు. బడికి పోయినా, బస్సెక్కినా, పెళ్లికి పోయినా ఆ మాట వింటూనే పెరిగింది. ఈరమ్మకు ఆమె తల్లి చెప్పింది. నల్గొండ పల్లె నుంచి పట్నానికి మోసుకొచ్చిన సామాన్లలో బిందెలు చిల్లులు పడ్డాయి, మంచం విరిగింది. ఈ మాటొక్కటే చెక్కుచెదరలేదు.

సౌజన్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున షట్టరు లేపిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా నిలబడే కొలువు. దుకాణానికి ఏసీ ఉంది, నలువైపులా అద్దాలున్నాయి, పనిచేసే ఆడపిల్లలు పోవడానికి చోటు లేదు. వానకాలంలో మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకొని సైదాబాద్‌లోని ఒక దవాఖానలో పడింది. డాక్టరమ్మ వేదవతి కోప్పడింది. ఇట్లాగే నీళ్లు మానేసి బిగబట్టుకుంటే ఈసారి కిడ్నీలకే ఎక్కుతుందని చెప్పి పంపింది. సౌజన్య తలూపి మళ్లీ అదే దుకాణానికి పోయింది. ఎక్కడికి పోతుంది మరి?

ఆ పిల్లకు రెండే సరదాలు. ఒకటి సైకిలు. రెండోది అగ్గిపెట్టెల మీది బొమ్మలు. తండ్రి భిక్షపతి లారీ డ్రైవరు. ఏ రాష్ట్రం పోయినా బీడీ ముట్టించుకున్న అగ్గిపెట్టె పారేయకుండా బిడ్డకు తెచ్చేవాడు. ఆమె ఆ కాగితాలను తడిపి, చిరగకుండా ఊడదీసి, ఆరబెట్టి అట్టలకు అంటించేది. ఏనుగు, ఓడ, రైలింజను, కల్లుముంత, మీసాల పహిల్వాను, ఇట్లా దేశమంతా ఆమె మంచం కింద ఉండేది.

చౌటుప్పల్ దాటాక ఒక పల్లె పక్కనున్న ఫంక్షన్ హాలులో ఆ ఆదివారం అభిరుచుల సమ్మేళనం పెట్టారు. స్టాంపులు దాచేవాళ్లు, పాత నాణేలవాళ్లు, పిట్టల ఫొటోలు తీసేవాళ్లు, అందరూ వస్తారు. సౌజన్య చేరిన సైకిల్ క్లబ్బు అక్కడికి పల్లె దారుల గుండా సైకిళ్ల మీదే పోదామని తీర్మానించింది. ఆమె అట్టలకు ఒక బల్ల ఇచ్చారు, వేదిక మీద మాట్లాడమన్నారు. దుకాణంలో "ఏయ్ అమ్మాయ్" అని పిలిపించుకునే మనిషిని మైకులో పేరు పెట్టి పిలుస్తారు. అందుకోసం నెల రోజులు అద్దం ముందు మాట్లాడుకుంది. ఒళ్లు ఒక్కపూట మాట వింటే చాలు అనుకుంది.

మెట్రో స్తంభాల కింద అందరూ కలిశారు. క్లబ్బు పెద్ద మల్లికార్జునరావు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న రిటైర్డు ఇంజనీరు. మంచివాడే. ఈ దేశంలో సగం అన్యాయాలు మంచివాళ్ల కళ్ల ముందే జరుగుతాయి, వాళ్లకు కనపడవు, అంతే. ఒక్కొక్కరి సీసా చేత్తో ఊపి చూశాడు. ఆగినచోటల్లా సీసా ఖాళీ కావాల్సిందే, కళ్లు తిరిగి పడితే మోసేది లేదు అన్నాడు. అట్టల సంచులు వెనక వచ్చే వ్యానులో పెట్టించాడు.

గుంపులో ఆడవాళ్లు ఇద్దరే. సౌజన్య, బ్యాంకులో పనిచేసే అమల.

"కాఫీ తాగావా?" అని అమల మెల్లగా అడిగింది.

"లేదక్కా. మీరు?"

"పిచ్చా నాకు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో నవ్వేమీ లేదు.

పెద్ద అంబర్‌పేట దాటి, రింగు రోడ్డు దాటి, హైవే వదిలి పల్లె దారి పట్టారు. కోతకొచ్చిన వరి, పగిలిన పత్తి, గట్ల మీద సీతాఫలాల గుట్టలు. మగవాళ్లు చెట్టు కనబడ్డచోటల్లా సైకిలాపారు. మొక్కలకు నీళ్లు పోసొస్తామని జోకులేశారు. వాళ్ల తప్పని నేననను. కానీ ఆ చెట్టు చాటు కొందరిదే ఎట్లా అయింది?

ఒక పెట్రోలు బంకులో ఆడబొమ్మ గీసిన తలుపుంది, దానికి తాళముంది. తాళంచెవి సేటు దగ్గరుంటది, సేటు పెళ్లికి పోయిండు అన్నాడు అక్కడి మనిషి. సీతాఫలాలమ్మే అరుణమ్మను సౌజన్య సిగ్గు చంపుకొని అడిగింది. ఆమె కాయలు తిప్పిపెడుతూ, "ఈడ యాడికి పోతవ్ బిడ్డా, అంత రోడ్డే. నేను చీకట్ల పోయొస్త, మల్ల పొద్దుగూకినంకనే" అంది.

సౌజన్య సీసా మూత తీసి, ఎవరూ చూడకుండా నీళ్లు మెడ మీద, జుట్టులో పోసుకుంది. ఖాళీ సీసా చూసి మల్లికార్జునరావు మగవాళ్లను దెప్పాడు. "చూసి నేర్చుకోండయ్యా, ఎంత శ్రద్ధగా తాగుతుందో!"

అప్పటికే ఆమెకు నడుము కుడిపక్క పిండినట్టు నొప్పి మొదలైంది.

హాలుకు చేరేసరికి ఎండెక్కింది. మగవాళ్ల మరుగుదొడ్ల గదులు ఫినాయిలు కొట్టి కడిగి ఉన్నాయి. ఆడవాళ్ల వైపు తలుపుకు అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మీద పాత ఫ్లెక్సీలు. తీయమని అమల అడిగితే నిర్వాహకుడు ఉపేంద్ర నొచ్చుకున్నాడు. ఇప్పుడు మనుషులెవరూ ఖాళీ లేరు, సభ కాగానే తీయిస్తానండీ అన్నాడు. సౌజన్య బల్ల దగ్గర కూలబడింది. అట్టల సంచి విప్పే ఓపిక కూడా లేదు.

అప్పుడే మైకులో ఆమె పేరు వినపడింది. మల్లికార్జునరావు వేదిక మీద ముచ్చటపడుతున్నాడు. దారిలో ఒక్కచోట కూడా పక్కకు పోకుండా వచ్చింది మా సౌజన్య, కుర్రాళ్లు సిగ్గుపడాలి అన్నాడు. మెడలో పతకం వేసి మైకు అందించాడు. "ఈ ఓర్పు రహస్యమేంటో చెప్పమ్మా."

సౌజన్య మైకు స్టాండు పట్టుకొని నిలబడింది. నెల రోజులు వల్లించిన మాట ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇది ఓర్పు కాద్సార్. రాత్రి నుంచి నేను నీళ్లు ముట్టలే. మీరు చూసినయి నేను మెడ మీద పోసుకున్న నీళ్లు. తాగితే యాడికి పోవాలె? మీరు దిగిన చెట్టు కాడ నేను దిగితే పది ఫోన్లు లేస్తయ్. వానకాలంల ఇదే పనికి దవాఖానల పడ్డ. మల్ల పడేటట్టున్న. దీనికి పతకమెందుకు సార్?"

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత ఒకాయన చప్పట్లు మొదలుపెట్టాడు, అందరూ అందుకున్నారు. లేచి నిలబడి మరీ కొట్టారు.

"చప్పట్లొద్దు," అంది సౌజన్య. "కుర్చీలు తీయుండ్రి."

ఒక్క చెయ్యి కదల్లేదు.

అమల లేచింది. హాలులో ఉన్న ఆడవాళ్లందరినీ, వంటగదిలో అంట్లు తోముతున్నవాళ్లతో సహా, వెంటబెట్టుకొని మగవాళ్ల గదుల వైపు నడిచింది. లోపలున్నవాళ్లను బయటికి పంపి, తాను తలుపుకు అడ్డం నిలబడింది. సౌజన్యను ఇద్దరు పట్టుకొని లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి మల్లికార్జునరావే అక్కడికి ఆత్రంగా వచ్చాడు.

"ఓర్చుకోండి మేష్టారూ," అంది అమల. "మేం పుట్టినప్పట్నుంచీ అదే పనిలో ఉన్నాం."

ఆయన తల దించుకొని నిలబడ్డాడు. ఆ రోజు ఆయనకు కొంత అర్థమైందనే నేననుకున్నాను. పొరబడ్డాను.

సాయంత్రానికి సౌజన్య ఒళ్లు కాలిపోతోంది. విప్పని అట్టల సంచితో పాటు వ్యానులోనే పట్నం చేరింది. వేదవతి ఈసారి కోప్పడలేదు, అదే ఈరమ్మను భయపెట్టింది. కిడ్నీకి ఎక్కింది, ఎంత మిగులుతుందో పరీక్షలన్నీ అయ్యాక చెబుతానంది.

మర్నాడు అమల చూడటానికొచ్చింది. క్లబ్బు నుంచి ఫోనులో వచ్చిన ప్రకటన చదవనా వద్దా అని తటపటాయించి చివరికి చదివింది. నిన్నటి ఘటనకు క్లబ్బు చింతిస్తోందట. మహిళల ఆరోగ్యం, గౌరవం దృష్టిలో పెట్టుకొని, ఇకమీదట దూర ప్రయాణాలు పురుషులకు మాత్రమేనట. కింద మల్లికార్జునరావు సంతకం. దాని కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు.

సౌజన్య గోడవైపు తిరిగి పడుకుంది. ఈరమ్మ బిడ్డ మీద దుప్పటి సరిచేసింది.

"తలుపు తీయుండ్రి అంటే తొవ్వే మూసిండ్రు," అంది.

చదివేవాళ్లారా, మీ ఊళ్లో, మీ కొలువులో, మీ సంఘంలో ఆడవాళ్లు కనబడటం లేదంటే వాళ్లకు సరదా లేదని, సత్తువ లేదని చెప్పుకోకండి. ముందు లేచి కుర్చీలు తీయండి. ఆడదాని ఓర్పును పొగిడే ప్రతి నోరూ ఆమె గొంతు ఎండబెడుతున్న నోరే.