అరగంట ముందొచ్చే మాట

సాయంత్రమైతే సామ్యేలు పొయ్యి ముందర కూచోని చెవులు నిక్కబెడతాడు. తర్లుపాడు పక్కన ఆ ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఆయన పెండ్లాం యేసుమణి మాట ఆమెకన్నా అరగంట ముందొస్తది. మిరపకోతకు పోయిన మనిషి ఇంకా దారిలో ఉండగానే, "ఏమయ్యో, ఎసరు పెట్టినావా, గోళ్ళు గిల్లుకుంటా కూచున్నావా?" అని గుమ్మంలో వినబడేది. అది విని బియ్యం కడిగితే ఆమె వచ్చేసరికి అన్నం ఉడికేది. పలకల ఫ్యాక్టరీలో మోకాళ్ళు అరగదీసుకుని ఇంటిపట్టునుండే మొగుడికి ఇంక గడియారమెందుకు?

ఈస్టరు ముందటి శ్రమల దినాలొచ్చినాయి. యేసుమణి నలభై రోజులు పొద్దుగూకేదాకా ఉపవాసం పట్టింది. "పరగడుపున బీపీ మాత్ర ఎట్ల మింగేది? దేవుడు చూసుకోడా?" అని మానేసింది.

ఆశా కార్యకర్త షారోన్ వచ్చి మొత్తుకునింది. "ఉపవాసముండత్తా, ఎవరొద్దన్నారు? మాత్ర మాత్రం ఆపొద్దు. మామా, నువ్వన్నా చెప్పు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగొచ్చినా పసరు మందు కాడికి పోవద్దు. వెంటనే స్కానింగున్న ఆసుపత్రికి పోవాల. నాలుగున్నర గంటలు దాటితే రక్తం గడ్డ కరిగించే ఇంజక్షన్ పనికిరాదు."

సామ్యేలు తలూపినాడు గానీ పెండ్లానికి చెప్పడానికి నోరు రాలేదు. ఆమె భక్తికి అడ్డం పడాలంటే గుండె ధైర్యం కావాల మరి.

ఒక శుక్రవారం నాలుగింటికే మాటొచ్చింది. రావాల్సింది ఐదున్నరకి. "ఏమ...యో... నీ...ల్లు..." అని ముద్దముద్దగా, నోట్లో గుడ్డ కుక్కినట్టు. సామ్యేలు చేతిలో చేట కిందపడింది.

బామ్మర్ది పాల్ రాజు ఆటో ఎక్కి సామ్యేలు చేనుకు ఉరికినాడు. చూస్తే యేసుమణి నిక్షేపంగా కాయ కోస్తా ఉంది.

"ఏంది, ఈ వేళప్పుడు ఊరేగింపు?"

"నీ మాట ఇంటికొచ్చిందే. సరిగ్గా రాలేదు. లెయ్."

"నాకేమైంది, దుక్కలాగున్నా! ఇంకో సాలుంది."

ఆ సంగతి చెవిన పడంగానే పక్కన కోస్తున్నోళ్ళు ఆమె బుట్ట లాక్కున్నారు. "సాలు మేం కోస్తాం, నువ్వు పో వదినా" అని ఆటోలోకి తోసినారు.

పాల్ రాజు ఆటో తీస్తా అడిగినాడు. "బావా, పసరు పోసేటాయన దగ్గర్లోనే ఉన్నాడు..."

"స్కానింగున్న ఆసుపత్రికి, మార్కాపురం పోనీరా!"

ఆసుపత్రి గేటు కాడ యేసుమణి మొగుడి వైపు తిరిగింది. "ఏమ...యో... నీ...ల్లు..." మూతి ఒక పక్కకు జారింది. కుడిచెయ్యి ఒళ్ళో పడిపోయింది. సామ్యేలు నీళ్ళ సీసా మూత తీయబోతే నర్సు ఆపింది, "గొంతుకు అడ్డం పడతాయి, పట్టొద్దు" అని. ఆయన స్ట్రెచర్ వెంబడి పరిగెత్తినాడు.

"ఎన్నింటికి మొదలైంది?" అనింది డాక్టరమ్మ.

"మాటకైతే నాలుగింటికమ్మా. మనిషికి ఇప్పుడే, గేటు కాడ."

"మనిషిదే రాసుకుంటా" అని ఆమె రాసుకునింది.

స్కానింగులో రక్తం గడ్డ కనబడింది, మెదడులో రక్తం చిందలేదు. గడ్డ కరిగే ఇంజక్షన్ వేళకు పడింది. "ప్రాణానికి భయం లేదు. మాట వస్తదో రాదో ఇప్పుడే చెప్పలేను" అనింది డాక్టరమ్మ.

సామ్యేలు వరండాలో బెంచీ మీద కూలబడినాడు. మాత్ర మింగమని ఒక్కనాడన్నా గట్టిగా చెప్పలేకపోయినానే అని కుమిలిపోయినాడు. ముప్పై ఏండ్లు తిట్లు తిన్న చెవులు, ఒక్క తిట్టు కోసం అల్లాడినాయి. లోపల యేసుమణి కండ్లు మూసుకోని ఉంది, పెదవి కదల్లేదు.

అప్పుడు ఆయన పక్కనే, తేటగా వినబడింది.

"ఏమయ్యో, ఏమన్నా తిన్నావా?"

పాల్ రాజు గబుక్కున సెల్లులో టైం చూసుకున్నాడు. సామ్యేలుకు ఏడుపు ఆగలేదు.

"తినలేదే" అన్నాడు, ఆ ఖాళీ బెంచీతో. "నువ్వు లేచినాక తింటా. రేపట్నుంచి మాత్ర మాత్రం నేనే ఇస్తా. దేవుడేమన్నా అంటే నన్ననమను."

లోపలికి పోయి, ఆమె పక్కన అరగంట కూచోడానికి స్టూలు లాక్కున్నాడు.