నాలుగు రోజుల పాలు

బిడ్డ పుట్టిన ముప్పై ఏడో రోజున మల్లికకు దవాఖాన నుంచి ఫోనొచ్చింది. కల్వకుర్తిలో ఒక ప్రైవేటు కాన్పుల దవాఖానలో ఆమె నాలుగేండ్లుగా నర్సు. రెండు నెలల సెలవని మాటైంది, అదీ జీతం లేకుండా. డాక్టరు నిహారిక మేడం ఆ మాట మీద కూడా నిలబడలేదు.

"ఇద్దరు నర్సులు మానేసిన్రు మల్లికా. సోమారం నుంచి వస్తవా, వేరేవాళ్లను చూసుకోనా?"

పక్కనే కూసున్న భర్త డానియల్, "ఆరు నెలలు ఇయ్యాల్నట గదా, అడగరాదు?" అన్నడు.

"అడిగితే ఆరు నెలలు గాదు, ఎప్పటికీ ఇంటికాడనే ఉండుమంటది."

సోమవారం పొద్దున బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, తల్లి బిక్షమ్మ చేతుల్ల పెట్టి ఎనిమిది గంటల బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి రాత్రి ఏడు దాటేది. నడుమంతా పిల్లకు సీసాపాలే.

పదకొండు కొట్టేసరికి రొమ్ములు రాళ్లయ్యేవి. వార్డులో ఏ పసిగుడ్డు ఏడ్చినా జాకెట్టు తడిసేది. ఆయా ఈదమ్మను తలుపుకాడ నిలబెట్టి, బాత్రూంలో పిండి పారబోసుకునేది. "బంగారమసొంటి పాలు మోరీల పోతున్నయి గదనే" అని ఈదమ్మ నెత్తి కొట్టుకునేది.

మూడో వారంలో ఒక కాంట్రాక్టరు కోడలు ఆపరేషనై మగపిల్లవాణ్ణి కన్నది. ఆమెకు పాలు పడలేదు. డబ్బాపాలు పోస్తే పిల్లవాడు కక్కేస్తున్నడు. మేడం మల్లికను గదిలోకి పిలిచింది.

"ఎట్లాగూ పారబోసేటియే గదా. ఆ బాబుకు ఇయ్యి. నాలుగు రోజులు."

"అట్లయితే నా బిడ్డను కూడా తెచ్చుకుంటా మేడం. మా అమ్మ ఓ మూలకు కూసుంటది. ఇద్దరికీ సరిపోతయి."

"చంటిపిల్లను దవాఖానల పెట్టుకుంటవా? ఇన్ఫెక్షన్లు రావూ? చదువుకున్నదానివి, నీకు తెల్వదా?"

మల్లిక స్టీలు గిన్నెలో పిండి ఇచ్చింది. మొదట రెండు పూటలన్నరు, తర్వాత నాలుగైంది, ఆఖరిది సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందర. పిల్లవాడికి నెత్తురు పట్టింది. వాడి నాయినమ్మ అరుణమ్మ మల్లిక చెయ్యి పట్టుకుని, "నా మనుమనికి పానం పోసినవు బిడ్డా" అన్నది.

ఇంటికాడ పిల్ల ఖాళీ రొమ్మును గుంజి గుంజి, వదిలి ఏడ్చేది. మూడో రోజు బిక్షమ్మ అడిగింది.

"పాలేమైనయే?"

"తిరుగుడుకు తగ్గినట్టున్నయి."

బిక్షమ్మ రాత్రి కూడా సీసా కలుపుడు మొదలుపెట్టింది.

అయిదో రోజు పొద్దున మల్లిక గిన్నె తెచ్చి ఇయ్యంగనే అరుణమ్మ ప్రేమగానే అడిగింది. "మీ ఆయిన పేరేంది బిడ్డా?"

"డానియల్."

"చర్చికి పోతరా?"

"పోతం."

"అంతకు ముందటికెల్లి ఎవరు మీరు?"

"మాదిగోళ్లం పెద్దమ్మా."

అరుణమ్మ అరవలేదు. గిన్నెను కిటికీలో పెట్టింది. ఈదమ్మను పిలిచి ఆ పాలు పారబోయమంది. కాచిన నీళ్లు తెప్పించి, మెత్తటి బట్ట ముంచి మనుమని పెదవులు తుడిచింది, నాలుక తుడిచింది. వాడు ఏడ్చినా ఆపలేదు. మల్లిక అక్కడనే నిలబడి చూసింది.

మేడం లోపలికి పిలిచి తలుపేసింది. "అడిగితే ఏదో ఒకటి చెప్పి ఊకోకపోయినవా? ఇప్పుడు వాళ్లు పదిమందికి చెప్తే ఈ దవాఖానకు ఎవరొస్తరు? పొయ్యి తప్పైందని చెప్పు."

"నేనేం తప్పు చేసిన మేడం?"

"పని కావాల్నా, వద్దా?"

మల్లిక పోయి అరుణమ్మ ముందర నిలబడి, "తప్పైంది పెద్దమ్మా" అన్నది. అరుణమ్మ తలకాయ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆ రోజంతా మల్లిక ఒక్క చుక్క కూడా పిండలేదు. నొప్పికి చేతులు పైకి లేస్తలేవు. పాలన్నీ బిడ్డకే అనుకుంట బస్సులో రొమ్ముల మీద చేతులు కట్టుకుని కూసుంది. ఇంట్లోకి పోంగనే కాళ్లు కడుక్కుని పిల్లను ఒళ్లోకి తీసుకుంది. పాలు వాటంతటవే కారుతున్నయి. పిల్ల నోట్లో పెట్టుకుని, ఒకసారి చప్పరించి, మొఖం తిప్పుకుంది. మళ్లీ పెడితే వెనక్కి విరుచుకుని గుక్కపట్టి ఏడ్చింది. మల్లిక పక్క మార్చింది, నిలబడింది, ఊపింది. పిల్ల నీలంగైంది.

"ఇటియ్యే. దానికి సీసా అలవాటైంది" అని బిక్షమ్మ గుంజుకుని సీసా పెట్టింది. పిల్ల గుటగుట తాగి, అవ్వ వేలు పట్టుకుని నిద్రపోయింది.

ఇంకో మూడు రోజులు చూసింది మల్లిక. పిల్ల మళ్లీ రొమ్ము పట్టలేదు. తన పాలు ఎవరికి పోయినయో తల్లికి ఎన్నడూ చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున బిక్షమ్మ పాలు ఎండాలని మల్లెపూలు నలిపి రొమ్ములకు పెట్టి, పాతచీర చింపి గట్టిగ చుట్టింది.

"నొస్తాందా?"

"ఇంకా బిగియ్యి" అంది మల్లిక.

పాలు ఎండేదాకా మూడు రోజులు ఒళ్లు కాలే జ్వరం. మూడు రోజులూ ఆమె ఎనిమిది గంటల బస్సుకే పోయింది.