చీపురుపుల్ల కొలత

పాఠకులారా, మన ఇళ్లలో ఆడవాళ్లకు చెప్పులు ఎలా వస్తాయో ఎప్పుడైనా గమనించారా? చీపురుపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో, ఒక ఆదివారం పొద్దున్న జరిగింది చెబుతాను. గుమ్మంలో కూర్చుని వంకాయలు తరుగుతున్న ఈశ్వరి దగ్గరికి అత్తగారు లక్ష్మణమ్మ వచ్చింది. చీపురులోంచి ఒక పుల్ల పీకి, కోడలి ఎడమ పాదం పక్కన ఆనించి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొలిచి, మిగిలింది గోటితో తుంచేసింది. ఈశ్వరి తరగడం ఆపనే లేదు.

“ఇదిగోరా, జేబులో ఎట్టుకో. ఇరగనీకు,” అంటూ ఆ పుల్లను కొడుకు నాగబాబుకిచ్చింది.

ఆ ఇంట్లో మూడు తరాలుగా ఇదే పద్ధతి. మగవాళ్లు బజారుకెళ్తారు, ఆడవాళ్ల పుల్లలు బజారుకెళ్తాయి. చెప్పుల కొట్టులో పరాయి మగాడి ముందు కాలు చాపుకుని కూర్చోవడం మర్యాద కాదని లక్ష్మణమ్మకు ఆమె అత్తగారు చెప్పింది, ఈశ్వరికి లక్ష్మణమ్మ చెప్పింది. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనిపించలేదు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కూడా.

కాని ఈసారి ఆ పుల్ల మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడి ఉంది. ఈశ్వరి విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. రోజూ తెల్లవారగానే చీపురుపల్లి స్టేషను దాకా సైకిలు, అక్కడి నుంచి ప్యాసింజరు, దిగాక మైలున్నర నడక. షేరాటో ఉందిగా అంటారేమో, అది నిండితేగాని కదలదు, డ్యూటీ మాత్రం గడియారం చూసి మొదలవుతుంది. ఇంత దూరానికీ ఆమె కాళ్లకున్నవి ఒక జత హవాయి చెప్పులు. వానకు తడిసిన సైకిలు పెడలు మీద చెప్పు జారి, కుడి బొటనవేలి గోరు లేచిపోయింది. మర్నాడూ అదే వేలికి దెబ్బ, ఆ మర్నాడూ అదే. పుండు మానలేదు. “కాలికి కట్టుతో వార్డుల్లో తిరగకూడదమ్మా. నెలాఖరుకు తగ్గకపోతే వేరే మనిషిని చూసుకోవాలి,” అని హెడ్ నర్సు మెత్తగానే చెప్పింది.

ఆ పని పోతే ఈశ్వరికి పోయేది జీతం ఒక్కటే కాదు. ఇంట్లో ఆమె ‘ఒసే’, వీధిలో ‘నాగబాబు పెళ్లాం’. ఆపరేషనైన ముసలివాళ్లు కళ్లు తెరవగానే “ఈశ్వరి ఏదమ్మా?” అని అడిగే చోటు ఈ భూమ్మీద ఆ ఆసుపత్రి ఒక్కటే.

నాగబాబు చెడ్డవాడని ఎవరూ అనుకోవద్దు. సాలూరులో లారీ డ్రైవరు, రాయపూర్ దాకా సరుకు తోలతాడు. ఇరవై రోజులకొకసారి ఇంటికొస్తాడు, వచ్చిన రాత్రి భార్య కాలి కట్టు చూసి అన్నం సరిగా తినలేకపోయాడు.

“సైకిలు తొక్కడానికని సెప్పి మంచి బూట్లు తెస్తాన్లేవే. రాయపూర్లో పేద్ద షాపున్నాది,” అన్నాడు పుల్ల జేబులో పెట్టుకుంటూ.

‘నానూ వస్తాను బావా, ఓపాలి ఏసుకుని సూస్తాను’ అనే మాట ఈశ్వరి నోటిదాకా వచ్చింది. రాయపూర్ అక్కర్లేదు, చీపురుపల్లి చాలు. ఆయన పక్కన బజారంతా నడిచి, ఒక కొట్టు ముందు ఆగి, ‘ఇది కాదు, అది’ అని వేలు చూపించాలని ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ కోరిక. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈశ్వరి అడగలేదు.

ఇరవై రోజులు గడిచాయి. సాయంత్రం సైకిలు మీద ఇంటికొస్తుంటే, వెనక వచ్చే ప్రతి లారీకీ ఆమె మనసు ఒకసారి ఆగి చూసేది. నెలాఖరు ఇంకో వారం ఉందనగా నాగబాబు పెద్ద అట్టపెట్టెతో దిగాడు.

ఎర్రటి చారలున్న నల్లటి బూట్లు. తాళ్లు లేవు, అతుక్కునే పట్టీలు. వీధిలో వాళ్లంతా వచ్చి చూశారు. “సైకిలు పందేలకెళ్లీవోళ్లు ఇయ్యే ఏసుకుంటారట! నాలుగు షాపులు తిరిగేను దీనికోసం,” అన్నాడతను ముఖం వెలిగిపోతుండగా. ఎడమ కాలు సరిపోయింది. కుడి కాలు దూరడానికి కష్టపడింది, బొటనవేలి పక్క ఎముక ఒత్తుకుంది. సోలు చెక్కలా ఉంది, ఎటూ వంగదు. ఈశ్వరి ఆ వెలుగుతున్న ముఖం చూసి, “బాగున్నాయి బావా,” అంది. మర్నాడు ఆమె లేచేసరికే అతను సాలూరు బస్సెక్కేశాడు.

ఆ పొద్దున్నే ఆ బూట్లు వేసుకుని బయల్దేరింది. మామూలు పెడలు మీద ఆ సోలు హవాయి చెప్పు కన్నా ఎక్కువగా జారింది. స్టేషను వంతెన మెట్ల మీద, టకటకమంటూ నాలుగో మెట్టు దిగుతుండగా రెండు కాళ్లూ ఒకేసారి జారిపోయాయి. మోచేయి చెక్కుకుపోయింది. లేచేలోగా రైలు కదిలిపోయింది.

ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పింది. మేజోడు వేలి దగ్గర తడిసి ఎర్రగా ఉంది. నొప్పికి ఏడ్చే మనిషి కాదు ఈశ్వరి. అయినా ఏడ్చింది. ఫోను తీసి భర్తకు చేసింది.

“బావా, పడిపోనాను.”

“ఓలమ్మ! దెబ్బ తగిలిందేటి?”

“దెబ్బ సంగతి ఒగ్గేయి. మన పెళ్లయి పదారేళ్లయింది. నా కుడికాలు ఎడంకాలికన్నా పెద్దదని నీకు తెలుసా?”

అవతల సాలూరు బస్సు హారను మోగింది. “తెల్దే,” అన్నాడు నాగబాబు.

“నాకు కోపం నేదు బావా. నాకోసం నాలుగు షాపులు తిరిగినావు. నన్ను మాత్రం ఒక్క షాపుకీ తిప్పనేదు. నాకు నువ్వు తెచ్చినవి కాదు, నువ్వు గావాల. నా పక్కన నిలబడి ‘ఏది గావాలే నీకు’ అని ఓపాలి అడగాల.”

అంత పొడుగు మాట ఆమె భర్తతో ఎన్నడూ అనలేదు. అతను కూడా ఆమె మాట ఎన్నడూ అంతసేపు వినలేదు. “రేపు సాయంత్రం రైలు దిగేసరికి చీపురుపల్లి స్టేషన్లో ఉంటాను,” అన్నాడు చివరికి. ఉన్నాడు.

బజారులో ఏసుదానం గారి చెప్పుల కొట్టు నలభై ఏళ్ల నాటిది. ఆయన బాప్టిస్టు చర్చిలో పెద్ద, ఊళ్లో అందరూ గౌరవించే మనిషి. నాగబాబు తెచ్చిన బూట్లను తిప్పి చూసి ఆయన నవ్వాడు. “ఇవి కాలుని పెడలుకి తాళం ఏసీసే బూట్లు బాబూ. పందెం అయిపోయాక విప్పీడమే. మీ ఆవిడ తొక్కాల, మెట్లెక్కాల, మైలున్నర నడవాల. కూకో అమ్మా, కాలు సూపెట్టు.”

ఈశ్వరి భర్త వంక చూసింది. నాగబాబు తనే కింద కూర్చుని ఆమె పాదం తన మోకాలి మీద పెట్టుకున్నాడు. పదహారేళ్లలో మొదటిసారి దాన్ని వెలుతురులో చూశాడు. పొడుచుకొచ్చిన ఎముక, పగిలిన మడమ, నల్లబడిన వేలు. కళ్లు తుడుచుకున్నాడు.

“సాయంత్రం రావడం మంచిదయింది,” అన్నాడు ఏసుదానం. “పొద్దల్లా తిరిగిన కాలు పొంగుతాది. పొద్దున్న కొన్నది సాయంత్రానికి కరుస్తాది. పెద్ద కాలికి కొలత తియ్యాల, వేళ్ల ముందర బొటనవేలంత జాగా ఉండాల.” ఒక జత తీసి వంచి చూపించాడు. “ఇదిగో, నడుమ గట్టిగున్నాది, తొక్కినప్పుడు అరికాలు నొప్పెట్టదు. వేళ్ల దగ్గర వంగుతన్నాది, నడకకి సుకం. కింద రబ్బరు గీతలున్నాయి, తడి పెడలు మీద జారదు. తాడు కొసలు లోపలికి దోపీ, చైన్లో పడకుండా. ఆడోళ్ల సైజుల్లో ఇలాటివి తెప్పిద్దామంటే అడిగినోళ్లు నేరమ్మా, ఇది మగపిల్లల సైజు.”

“గులాబీ రంగుది బాగున్నాది గదా?” అన్నాడు నాగబాబు.

“నడిసేది నాను బావా,” అంది ఈశ్వరి. బూడిదరంగు జత వేసుకుని వీధిలోకి నడిచింది. కంకర మీద నడిచింది, కొట్టు మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగింది. పక్క పచారీ కొట్టువాళ్లు చూస్తున్నారు, చూడనీ అనుకుంది. సైకిలెక్కి రెండు చుట్లు తిరిగింది. వేలికి ఏమీ తగల్లేదు. “ఇవే,” అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమె ప్రాణం ఎన్నేళ్లు కొట్టుకుందో ఆమెకే తెలుసు.

ఏసుదానం సొరుగు లాగి చూపించాడు. రబ్బరుబ్యాండ్లు వేసిన పుల్లల కట్టలు. “ఇయ్యన్నీ మన చుట్టుపక్కల ఊళ్ల ఆడకూతుళ్లవే. కొలత సూసి సెప్పులిచ్చీసి ఇక్కడ పడీసేవోణ్ని. నలభై ఏళ్లు అమ్మినాను, వాళ్ల పాదాలెలాగున్నాయో సూడ్నేదు. పుల్లకి పొడుగే తెలుస్తాది బాబూ, నొప్పి తెల్దు. ఆ తప్పులో నాకూ పాలున్నాది. పొలానికైనా, ఆఫీసుకైనా ఎల్లీ ఆడమనిషి తన సెప్పు తనే ఏసుకు సూసి కొనుక్కోవాల.”

బజారు దాటేదాకా నాగబాబు సైకిలు నడిపించాడు. ఈశ్వరి అతని పక్కన నడిచింది, కావాలనే నెమ్మదిగా. నెలాఖరుకు వేలి మీద కొత్త చర్మం వచ్చింది, హెడ్ నర్సు మరి ఆ మాట ఎత్తలేదు.

కాని అసలు సంగతి ఆ బూట్లు కొన్న రాత్రే ఇంట్లో జరిగింది. కోడలు బజారులో బూట్లు వేసుకుని ఊరేగిందన్న కబురు అప్పటికే లక్ష్మణమ్మకు చేరింది. చీవాట్లు తప్పవనుకుంది ఈశ్వరి. ముసలామె ఒక బూటు చేతిలోకి తీసుకుని, లోపల వేళ్లు పెట్టి మెత్తగా ఒత్తి చూసింది.

“ఇది కరవదేటే?”

“కరవదత్తా. నడిసి సూసి తెచ్చుకున్నాను.”

లక్ష్మణమ్మ ఆ బూటును ఒళ్లో పెట్టుకుంది. “నా పెళ్లయిన కాణ్నించి కరవని సెప్పు నానేసుకోనేదు. సెప్పంటే కరుస్తాది గాబోలనుకున్నాను,” అంది. తర్వాత గొంతు తగ్గించి, కోడలిని కాదు ఎవరినో బతిమాలుతున్నట్టు, “నన్నూ ఓపాలి ఆ కొట్టుకి తీస్కెల్తావేటే?” అని అడిగింది.

పాఠకులారా, తెచ్చిపెట్టడం ప్రేమే, కాదనను. కాని నడిచే మనిషిని అడగకుండా తెచ్చిన చెప్పు, ఎంత ప్రేమతో తెచ్చినా కరుస్తుంది.