హంస ముక్కు మీద గాటు

తెల్లారి ఆరింటికల్లా భట్టిప్రోలు పాల కేంద్రం ముందు క్యాన్లు వరస కడతాయి. వీరబ్రహ్మం హంసను చంకన పెట్టుకుని వస్తాడు. గిన్నెలో పాలు పోస్తే హంస పాలు తాగి నీళ్ళు వదిలేస్తుంది. మిగిలిన నీళ్ళు చూసి ఎవరు కలిపారో గుమస్తా తేల్చేస్తాడు. ఒకరి ఎంగిలి ఇంకొకరి గిన్నెకి తగలకుండా మధ్యమధ్యలో దాని ముక్కు బకెట్ నీళ్ళలో ముంచడం ఆచారం.

కాలవ మీది హంసలన్నీ పాత జమీందారివే. గాటున్నదీ ఆయనదే, లేనిదీ ఆయనదే. జమీందారీలు రద్దయినప్పుడు హంసల ఊసు ఎవరికీ గుర్తు రాలేదు. అందుకని అవి జమీందారు మనవడు పాండురంగారావుకి దక్కాయి. పాల కేంద్రమూ ఆయనదే. ఏటా హంస పిల్లల ముక్కుల మీద గుర్తుగా రెండు గాట్లు పెట్టడం వీరబ్రహ్మం వంశం పని. లోతుగా పెట్టమని తండ్రి పోతూ పోతూ చెప్పాడు, ఎందుకో కూడా చెప్పాడు. లోతు గాటులో బకెట్ నీళ్ళు నిలిచి, ఎంత చిక్కటి పాల గిన్నెలోకైనా ఒక్కోసారి కాసిని కారతాయి. ఆ వంకన కేంద్రం పాల డబ్బు కోస్తుంది. ఇరవై ఏళ్ళుగా వీరబ్రహ్మం తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

ఆ రోజు విజయ గిన్నెలో మూడోసారి నీళ్ళు మిగిలాయి. మూడుసార్లయితే కేంద్రానికి పాలు పోసే కార్డు రద్దు. ఆమెకున్నది ఒక్క గేదె, చదువుకునే పిల్లలిద్దరు.

"నా పిల్లల మీద ఒట్టండి, చుక్క కలపలేదు!"

"హంస అబద్ధం చెప్పుద్దా అమ్మా?" అన్నాడు గుమస్తా కార్డు లాక్కుని.

విజయ వీరబ్రహ్మం వైపు తిరిగింది. "అన్నయ్యా, నీ మనవరాలు తాగేది నా పాలే కదా. నువ్వన్నా చెప్పు."

వీరబ్రహ్మం నేల చూపులు చూశాడు.

మర్నాడు గాట్ల రోజు. మొదటి హంస పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ కత్తి ఆడలేదు. దాన్ని అలాగే ఎత్తుకుని విజయ ఇంటికెళ్ళి, "క్యాను తీసుకుని రామ్మా" అన్నాడు.

కేంద్రం దగ్గర వరసలో అందరూ చూస్తుండగా, గాటు లేని ఆ పిల్ల ముక్కు బకెట్లో ముంచి విజయ పాల గిన్నె ముందు దించాడు. పిల్ల తాగింది. గిన్నెలో చుక్క మిగల్లేదు. గుమస్తా కార్డు తిరిగిచ్చాడు.

"నీళ్ళు గాటులోంచి వస్తున్నాయని నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"తెలుసమ్మా. మా నాయన పోయినప్పట్నుంచీ."

వరసలోంచి పున్నయ్య క్యాను కింద పెట్టి ముందుకొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు వీరబ్రహ్మం, కొడితే బాగుండనుకున్నాడు.

"అయితే అప్పట్లో మా ఆవిడ కూడా నీళ్ళు కలపలేదన్నమాట," అన్నాడు పున్నయ్య. "పరువు తీసిందని, అది పోయేదాకా దాంతో మాట్లాడలేదురా నేను."