బిడ్డ బుగ్గ మీద చుక్క

నేను ఒక గ్రీటింగ్ కార్డుని. పుట్టింది నరసాపురంలో, వకుళ గారి వంటింటి గట్టు మీద. పాత గోడ క్యాలెండరు కాగితం వెనకవైపు తెల్లగా, నున్నగా ఉంటుంది కదా, దాని మీద ఆవిడ ముందు పెన్సిలుతో, తర్వాత స్కెచ్ పెన్నులతో నన్ను గీసింది. ఉయ్యాల, దాని గొలుసు మీద చిలక, లోపల బోసినవ్వు బాబు. అన్నీ అయ్యాక బాబు బుగ్గ మీద నల్లగా ఒక దిష్టిచుక్క.

ఇదంతా ఎందుకంటే, ఆవిడకీ ఆడపడుచు హైమవతికీ మూడు నెలలుగా మాటల్లేవు. హైమవతి కూతురి సీమంతంలో పులిహోరలో ఉప్పు తగ్గిందని వకుళ గారు నలుగురిలో అన్నది. తగ్గిన మాట నిజమే. నిజం కాకపోతే ఇంత గొడవ అయ్యేదే కాదు.

ఇప్పుడు ఆ కూతురికి కొడుకు పుట్టాడు. "అన్నయ్యా, శుక్రవారం బారసాల, రా" అని వకుళ గారి భర్త శేషగిరి గారికి ఫోనొచ్చింది. వదినకి పిలుపు లేదు. హైమవతి ఉండే పాలకొల్లు బస్సులో అరగంట. కానీ బొట్టు పెట్టి పిలవకుండా వకుళ గారు గడప దాటదు.

"కార్డు పంపిస్తే పిలుస్తుందంటావా?" అన్నారు శేషగిరి గారు.

"మీరు ఊరుకోండి. చేత్తో చేసిందని తెలిస్తే డబ్బులకి కక్కుర్తి పడ్డానంటుంది మీ చెల్లెలు. అచ్చం కొన్నదానిలా ఉండాలి."

అలా నేను బస్టాండు పక్కన జిలానీ గారి డీటీపీ సెంటరుకి చేరాను. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని పనిచేసే పెద్దమనిషి. నన్ను స్కానర్లో బోర్లా పడుకోబెట్టి మూత వేశాడు. ఒక వెలుగు నా మీదుగా పాకింది. మరుక్షణం కంప్యూటరు తెర మీద ఉన్నాను, క్యాలెండరు కాగితం మురికితో సహా.

"వెలుగు పెంచితే కాగితం తెల్లబడుతుందమ్మా," అని పెంచాడు. ఉయ్యాల వంకర సరిచేశాడు. టీ మరక తుడిచాడు, పసుపు వేలిముద్ర తుడిచాడు. ఆ ఊపులో బాబు బుగ్గ మీది నల్ల మచ్చ కూడా తుడిచేశాడు. వకుళ గారు చూసుకోలేదు. ఆవిడ గమనమంతా బంగారు రంగు అక్షరాల మీదుంది.

మందపాటి మెరుపు కాగితం మీద నన్ను అచ్చువేశాడు. మడిస్తే రంగు పగలకుండా ముందు స్కేలు పెట్టి కత్తెర మొద్దువైపుతో గీత లాగి, అప్పుడు మడిచాడు. అంచులు కట్టరుతో కోశాడు.

"వెనకాల నల్లగీతలు కూడా పెట్టండి జిలానీ గారూ, షాపు కార్డుకి ఉంటాయే, అవి."

ఆయన తాను తింటున్న బిస్కెట్ ప్యాకెట్టు మీది గీతలు తీసి అంటించాడు. ఏ సూపర్ మార్కెట్లోనైనా నన్ను మెషిను ముందు పెడితే నేను కొబ్బరి బిస్కెట్ని.

శేషగిరి గారు నన్ను పాలకొల్లులో "మీ వదిన పంపింది" అని చెల్లెలి చేతిలో పెట్టి, కాఫీ తాగి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయారు. హైమవతి నన్ను తిప్పి చూసింది, మళ్లీ చూసింది. ముఖం ఎర్రబడింది. మూడు నెలల తర్వాత మొదటిసారి వదిన నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

"ఏం వదినా, బుద్ధుందా? పసివాడి బొమ్మకి దిష్టిచుక్క లేకుండా ఏ షాపువాడు అమ్మాడు నీకు? చూసుకోకుండా ఎలా కొన్నావు?"

పాపం, కొన్నదని నమ్మించడం వకుళ గారికి గెలుపే. కానీ కొన్నదంటే పిల్లాడి దిష్టి పట్టించుకోని మనిషవుతుంది.

"కొన్లేదు," అంది చివరికి వకుళ గారు. "నేనే వేశాను. చుక్క కూడా పెట్టాను హైమా, ఒట్టు! ఆ జిలానీ గారు మరకనుకుని తుడిచేసి ఉంటాడు."

"నువ్వు వేశావా?" హైమవతి నన్ను దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. "ఈ ముక్కు మావాడిదే. ఎక్కడ చూశావు?"

"మీ అన్నయ్య ఫోన్లో ఫొటో ఉంటేనూ..."

"రోజూ చూస్తున్నావా?"

హైమవతి నన్ను దీపం పక్కనే నిలబెట్టింది. "రేపు పొద్దున వస్తున్నా బొట్టు పెట్టడానికి. ఇంట్లో ఉండు. మళ్లీ చెప్పలేదనకు."

శుక్రవారం నన్ను చేతులు మార్చి మార్చి చూశారు. "మా వదిన వేసింది" అని హైమవతి చెప్పడం, "ఊరుకోండి, ఇది కొన్నదే" అని వాళ్లనడం. వకుళ గారు కొత్త పట్టుచీరలో ఉయ్యాల పక్కన నిలబడి, ఆ గొడవలో తన పక్షాన ఆడపడుచు ఒక్కతే పోట్లాడుతుంటే వింటోంది.

ఇంతలో కరెంటు పోయింది. పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. హైమవతి నన్ను లాక్కుని వకుళ గారి చేతిలో పెట్టింది.

"విసురు వదినా, ఉక్కపోస్తోంది వాడికి!"

ఆవిడ విసిరింది. వాడు ఊరుకున్నాడు.

"చూశారా?" అంది హైమవతి అందరి వంకా తిరిగి. "కొన్న కార్డయితే ఇంత గాలొస్తుందా?"